చుక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఫోన్ మాత్రం గుర్తుపట్టట్లేదు: శుభలేఖ మీద ముగ్గు క్యూఆర్

శుభలేఖ_డీటీపీ

నమస్కారం అండీ. మెరూన్ కార్డు మీద గోల్డ్ ఫాయిల్‌తో పెళ్లికార్డు. కల్యాణ మండపం లొకేషన్‌కి ఒక క్యూఆర్ పెట్టాలి. పార్టీవాళ్లకి మామూలు నలుపు గడులు వద్దట, చుక్కల ముగ్గులా కనిపించాలట. ఇప్పటిదాకా చేసింది ఇదీ:

మ్యాప్ లింకు మొత్తం యథాతథంగా పెట్టాను, 185 అక్షరాలు ఉంది. గడులన్నీ గుండ్రటి చుక్కలు చేశాను. మూలల్లో ఉండే మూడు చదరాల బదులు ఎనిమిది రేకుల పద్మాలు. నడిమధ్య వినాయకుడు, కోడ్ వెడల్పులో సగం. దిద్దుబాటు లెవెల్ హెచ్ పెట్టాను కాబట్టి 30 శాతం పోయినా చదువుతుందనీ, సగం వెడల్పు సగం ఎత్తు అంటే 25 శాతమేననీ లెక్క. కోడ్ సైజు 2 సెంటీమీటర్లు.

పద్మాలు పెట్టకముందు స్క్రీన్ మీద ఒక ఫోన్ చదివింది, ఇంకో ఫోన్ చదవలేదు. పద్మాలు పెట్టాక రెండూ చదవట్లేదు. ఫాయిల్ శాంపిల్‌కైతే ఏ ఫోనూ ఉలకలేదు పలకలేదు.

కార్డు వెనక రెండో కోడ్ ఉంది, అందులో మండపం చిరునామా తెలుగులోనే టెక్స్ట్‌గా పెట్టాను. అది ఒక ఫోన్‌లో చక్కగా తెలుగు చూపిస్తోంది, ఒక పాత స్కానర్ యాప్‌లో పిచ్చి గుర్తులు వస్తున్నాయి.

నా సందేహం ఏంటంటే, చుక్కలన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. చిన్నపిల్లాడు చూసినా ఇది క్యూఆర్ అని చెప్పేస్తాడు. మరి ఫోన్ దేన్ని చూసి కోడ్ అని తేల్చుకుంటుంది? ఏది ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు?

గడి_లెక్క

పిల్లాడు చూసేది బొమ్మని. ఫోన్ చూసేది పొడవుల్ని. ముందు ఆ తేడా పట్టుకుంటే మిగతాదంతా దాని వెనకే వస్తుంది.

కెమెరా ఇచ్చిన బొమ్మని ఫోన్ ముందు బూడిదరంగులోకి, తర్వాత అచ్చంగా నలుపు-తెలుపులోకి మారుస్తుంది. ఆ తర్వాత ఒక్కో అడ్డ వరసా చదువుకుంటూ పోతుంది: ఇంత నలుపు, ఇంత తెలుపు, మళ్లీ ఇంత నలుపు. అలా వెళ్తుండగా నలుపు 1, తెలుపు 1, నలుపు 3, తెలుపు 1, నలుపు 1 అనే నిష్పత్తి తగిలితే అక్కడ ఆగుతుంది. అదే చోట నిలువుగా కూడా ఆ నిష్పత్తి ఉందా అని చూస్తుంది. కొన్ని లైబ్రరీలు (యాప్‌ల లోపల కోడ్ చదివే రెడీమేడ్ ప్రోగ్రాములు) ఐమూలగా కూడా చూస్తాయి. ఇలాంటివి మూడు దొరికేదాకా మీ 185 అక్షరాలూ, మీ వినాయకుడూ ఫోన్ లెక్కలోకే రావు.

మూల చదరం కొలతలు ఇవి: బయట 7×7 నల్ల చట్రం, లోపల 5×5 తెలుపు, దాని లోపల 3×3 నలుపు. 1994లో జపాన్‌లోని డెన్సో కంపెనీలో (ఆ విభాగమే ఇప్పటి డెన్సో వేవ్) మసహిరో హారా బృందం దీన్ని తయారుచేసేటప్పుడు పత్రికలు, కరపత్రాలు, అట్టపెట్టెల మీది అచ్చు, ఇలా దొరికిందల్లా చూసి నలుపు-తెలుపు పట్టీలు ఏ నిష్పత్తిలో అతి తక్కువగా వస్తాయో లెక్కగట్టారు. తేలింది 1:1:3:1:1. మిగతా ప్రపంచంలో అది అరుదు, అందుకే అది గుర్తు అయ్యింది. ఆ చదరానికున్న విలువంతా అంతే.

ఇక మీ పద్మాల సంగతి. ఒకదాంట్లో ఒకటి ఉన్న చదరాలకి నడిమధ్య నుంచి ఏ కోణంలో గీత గీసినా ఆ నిష్పత్తి చెడదు, ఎందుకంటే మూడూ ఒకే ఆకారం, 7:5:3 కొలతలు. అందుకే కోడ్‌ని ఎటు తిప్పి పట్టుకున్నా దొరుకుతుంది. ఇదే సూత్రం వృత్తాలకీ పనిచేస్తుంది: 7, 5, 3 వ్యాసాలతో ఒకే కేంద్రం చుట్టూ వృత్తాలు గీయండి, చదువుతుంది. మూలలు గుండ్రం చేసినా ఫర్వాలేదు. బయట చదరం, లోపల వృత్తం అని కలిపితే మాత్రం ఐమూలగా చూసినప్పుడు లోపలి తెలుపు వెడల్పవుతుంది, నిష్పత్తి జారుతుంది. జెడ్‌ఎక్సింగ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఒక గడి వెడల్పులో సగం దాకా తేడాని భరిస్తుంది, కాబట్టి ఇది ఒక్కోసారి గట్టెక్కుతుంది, ఒక్కోసారి గట్టెక్కదు. ఎనిమిది రేకుల పద్మంలో గీత రేకు మీదుగా పోతే ఒక కొలత, రెండు రేకుల సందులోంచి పోతే ఇంకో కొలత. దాన్ని ఫోన్ కోడ్ అనుకునే ఆస్కారమే లేదు. పద్మం కావాలంటే ఆ నడిమి 3×3 నలుపుని కొద్దిగా రేకులు తేలేలా చెక్కండి, చుట్టూ తెల్ల పట్టీని, బయటి చట్రాన్ని వదిలేయండి.

మూడూ దొరికాక పని తేలిక. ఆ మూడింటిలో మూల ఏదో తేల్చి కోడ్ ఎటు తిరిగి ఉందో తెలుసుకుంటుంది. కింది కుడివైపున 5×5 చిన్న చదరం ఉంటుంది (2వ వెర్షన్ నుంచి; వెర్షన్ సంఖ్య పెరిగిన కొద్దీ కోడ్‌లో గడులు పెరుగుతాయి), దాంతో కార్డు వాలుని సరిచేసుకుంటుంది. మూల చదరాల మధ్య నలుపు-తెలుపు ఒకటి విడిచి ఒకటిగా వచ్చే రెండు గీతలు ఉంటాయి, అవి గడులు లెక్కపెట్టుకోడానికి. మూల చదరాల పక్కనే 15 బిట్ల సమాచారం రెండు కాపీలుగా ఉంటుంది: దిద్దుబాటు లెవెల్ ఏది, మాస్క్ ఏది అని. ఇవేవీ ముట్టుకోవద్దు. హెచ్ లెవెల్ దిద్దుబాటు వీటికి వర్తించదు. ఆ 15 బిట్లకి మాత్రం వాటి సొంత దిద్దుబాటు విడిగా ఉంది, ఒక్కో కాపీలో 3 బిట్ల దాకా.

మీకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. గడులు చదివేటప్పుడు జెడ్‌ఎక్సింగ్ లాంటివి గడి మొత్తాన్ని చూడవు, గడి నడిమి బిందువు ఒక్కటే చూస్తాయి. అంటే చుక్కల ముగ్గు ఆలోచన దానంతట అది తప్పేం కాదు. నల్ల గడి స్థానంలో చుక్క ఉన్నా నడుమ నలుపు తగిలితే చాలు. కాకపోతే చుక్క మరీ చిన్నదైతే కెమెరా మసకలో చుట్టూ ఉన్న తెలుపు దాన్ని మింగేస్తుంది. గడి వెడల్పులో 70 శాతానికి తగ్గించొద్దని నా సలహా. చుక్కల చుట్టూ మెలికలు తిప్పాలనుంటే గీతలు గడుల సరిహద్దు మీదుగా, బాగా లేత రంగులో పోనివ్వండి. తెల్ల గడి నడుమ నుంచి ముదురు గీత వెళ్లిందంటే ఆ గడి నల్లదైపోయినట్టే.

పనిలో పనిగా, మాస్క్ అంటే ఏంటో తెలిస్తే డిజైన్ ఎక్కడ ఆగాలో అర్థమవుతుంది. సమాచారాన్ని గడుల్లో నింపాక 8 రకాల మాస్కులతో (ఏ గడుల నలుపు-తెలుపు తారుమారు చేయాలో చెప్పే నమూనాలు) తిరగేసి, ఒక్కోదానికి జరిమానా లెక్కేసి, తక్కువ వచ్చినదాన్ని ఎంచుకుంటారు. వరసగా 5 గడులు ఒకే రంగు వస్తే 3 పాయింట్లు, ఆపైన ప్రతి గడికీ ఇంకొకటి. 2×2 ఒకే రంగు ముద్ద కడితే 3. లోపలెక్కడైనా 1:1:3:1:1 పక్కన నాలుగు తెల్ల గడులతో కనిపిస్తే ఏకంగా 40. ఎందుకంటే అది మూల చదరమేమోనని ఫోన్ పొరబడుతుంది. చదివేవాడు తికమక పడకూడదని, రాసేటప్పుడే ఇంత జాగ్రత్త. అలాంటిది కోడ్ పక్కనే చదరంలో చదరం వేసిన జరీ అంచు పెడితే ఆ జాగ్రత్తంతా బూడిదలో పోసినట్టే. మీ బోర్డర్‌లో అలాంటి మోటిఫ్ ఉంటే దూరం జరపండి.

ఆఫ్‌సెట్_అన్న

పైన చెప్పింది లెక్క. కార్డు మీద ఏమవుద్దో నేను చెప్తా.

గోల్డ్ ఫాయిల్ వద్దే వద్దు తమ్ముడూ. ఫాయిల్ అద్దం లాంటిది, దానికంటూ ఒక రంగు ఉండదు. ట్యూబ్‌లైట్ దాని మీద పడితే తెల్లగా మెరుస్తుంది, చెయ్యి నీడ పడితే మెరూన్ కంటే నల్లగా కనిపిస్తుంది. ఒకే కోడ్‌లో సగం చుక్కలు తెలుపు, సగం నలుపు అయిపోతాయి. మన కన్ను ‘ఇది బంగారం’ అని సర్దుకుంటుంది, కెమెరాకి ఆ సర్దుబాటు రాదు. పైగా చుక్కల మధ్య సన్నటి సందులు ఫాయిల్‌లో పూడిపోతాయి.

ఫాయిల్ వదిలేసినా ఇంకో చిక్కుంది. ముదురు మెరూన్ మీద లేత రంగు చుక్కలంటే కోడ్ తిరగబడినట్టు. ఎర్రమట్టి మీద తెల్లముగ్గు వేసినట్టన్నమాట. కొన్ని ఫోన్లు తిరగబడ్డ కోడ్‌ని కూడా చదువుతాయి, కొన్ని యాప్‌లు అస్సలు చదవవు. పెళ్లికొచ్చే వాళ్లందరి ఫోన్లూ మన చేతిలో ఉండవు కదా.

కాబట్టి మెరూన్ మీద క్రీమ్ రంగు ప్యాచ్ వేసి, దాని మీద ముదురు గోధుమరంగో నలుపో వేయండి. ఫాయిల్ ప్యాచ్ బయట చట్రంగా పెట్టుకోండి, అందం ఎక్కడికీ పోదు. రంగు ఎంచుకునేటప్పుడు డిజైన్‌ని ఒకసారి గ్రేస్కేల్ చేసి చూడండి, ఫోన్ చూసేది దాదాపు అదే. పసుపు మీద కుంకుమ రంగు అయితే గ్రేస్కేల్‌లో బాగా తేడా కనిపిస్తుంది, చదువుతుంది. తెలుపు మీద పసుపు అయితే రెండూ లేతే, చదవదు. ‘మంగళకరం’ అని పసుపు చుక్కలు అడిగే పార్టీలు ఉంటారు, వాళ్లకి ఆ గ్రేస్కేల్ ప్రింటు చూపించండి, వాదన అక్కడితో ఆగుద్ది.

కోడ్ చుట్టూ ఖాళీ: నాలుగు వైపులా 4 గడుల వెడల్పు. ఇది అందం కోసం వదిలే మార్జిన్ అనుకుని డిజైనర్లు ముందు దీన్నే కొరికేస్తారు. మూల చదరం బయటి నలుపు ఎక్కడ ఆగిందో తెలియాలంటే పక్కన ఖాళీ ఉండాలి. చట్రం గీత దానికి తాకిందంటే ఆ బయటి ‘1’ కాస్తా ‘2’ అయిపోతుంది, నిష్పత్తి గోవిందా.

సైజు. నీ కోడ్ 185 అక్షరాలు, హెచ్ లెవెల్ అంటే 14వ వెర్షన్‌కి పోయింది, అంటే 73×73 గడులు. 2 సెంటీమీటర్లలో 73 గడులంటే గడికి 0.27 మిల్లీమీటర్లు. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఇంకు పక్కకి పాకుతుంది, గరుకు కార్డయితే ఇంకా ఎక్కువ. మంచి ఆర్ట్ పేపర్ మీద ఆఫ్‌సెట్‌కి కనీసం 0.4, గరుకు కార్డు మీద స్క్రీన్ ప్రింటింగ్‌కి 0.7 పెట్టుకోమంటా. ముందు లింకు పొట్టిగా చెయ్యి, గడులు తగ్గుతాయి, అదే సైజులో గడి పెద్దదవుతుంది.

ఇంకొన్ని: నలుపు పెడితే ఒక్క నలుపు ప్లేటే 100 శాతం, నాలుగు రంగులు కలిపిన నలుపు వద్దు. ప్లేట్లు ఏ మాత్రం పక్కకి జరిగినా ప్రతి గడికీ రంగుల అంచు వస్తుంది. ఫైలు వెక్టర్‌లో తీసుకో, వాట్సాప్‌లో వచ్చిన జేపీజీని సాగదీయకు. మెరిసే గ్లాసీ లామినేషన్ బదులు మ్యాట్. కార్డు మడత కోడ్ మీదుగా పోకుండా చూసుకో.

ఫ్లెక్సీ కూడా వేస్తున్నట్టయితే దూరంలో పదో వంతు సైజు. 3 మీటర్ల నుంచి స్కాన్ చేయాలంటే 30 సెంటీమీటర్ల కోడ్.

శుభలేఖ_డీటీపీ

ఫాయిల్, పద్మాలు రెండూ తీసేస్తాను. వినాయకుడిని మాత్రం పార్టీ వదలరు. 30 శాతం పోయినా చదవాలి కదా, 25 శాతమే కప్పాను, మరి పద్మాలు లేనప్పుడు కూడా రెండో ఫోన్ ఎందుకు చదవలేదు?

గడి_లెక్క

ఆ 30 శాతం గడుల లెక్క కాదండీ, కోడ్‌వర్డుల లెక్క. 8 గడులు కలిస్తే ఒక కోడ్‌వర్డు. మామూలుగా 2 వెడల్పు, 4 ఎత్తు ఉండే చిన్న ముక్క. అందులో ఒక్క గడి తప్పుగా చదివినా ఆ కోడ్‌వర్డు మొత్తం తప్పు కిందే లెక్క. కాబట్టి వినాయకుడి అంచు కాస్త తగిలిన ముక్కలు కూడా పోయినట్టే.

మీ 73×73 కోడ్‌లో మొత్తం 581 కోడ్‌వర్డులు, 16 బ్లాకులుగా ఉంటాయి. ఒక్కో బ్లాకులో 36 లేదా 37 కోడ్‌వర్డులు, అందులో 12 దాకా తప్పుల్ని దిద్దుకోగలదు. సగం వెడల్పు బొమ్మ అంటే 37×37 గడులు. అది సుమారు 19 జంట నిలువు వరసల్ని, ఒక్కో వరసలో 10 ముక్కల్ని తాకుతుంది. 190 కోడ్‌వర్డులు పోయాయి. 16తో భాగించండి, బ్లాకుకి దాదాపు 12. సరిగ్గా హద్దు మీద కూర్చున్నారు. ఇంకు మరక, మెరుపు, చెయ్యి వణుకు, వీటిలో ఒక్కటి చాలు దాటడానికి. ఒక ఫోన్ చదివి ఇంకోటి చదవకపోవడానికి కారణం ఇదే.

బొమ్మ ఎక్కడుందో ఫోన్‌కి తెలిస్తే ఇంకా ఎక్కువ దిద్దుకునేది. కానీ దానికి వినాయకుడు బొమ్మ అని తెలీదు. అవీ గడులే అనుకుని నలుపో తెలుపో చదివేసుకుంటుంది. చోటు తెలియని తప్పుకి రెండు అదనపు కోడ్‌వర్డులు ఖర్చవుతాయి, చోటు తెలిసిన తప్పుకి ఒకటే. మీ కోడ్‌లో బ్లాకుకి 24 అదనపువి ఉన్నా 12 తప్పులే దిద్దగలగడం అందుకే.

చిన్న కోడ్‌తో చూద్దాం. 4వ వెర్షన్, హెచ్ లెవెల్: 33×33 గడులు, 34 బైట్ల దాకా పడుతుంది. 100 కోడ్‌వర్డులు, 25 చొప్పున 4 బ్లాకులు, ఒక్కోదానిలో 8 దిద్దుకుంటుంది. నడుమ 9×9 బొమ్మ పెడితే 5 జంట వరసలు, ఒక్కోదానిలో 3 లేదా 4 ముక్కలు, అంటే 15 నుంచి 20. బ్లాకుకి 4 లేదా 5. సగానికి సగం మిగులు ఉంది, నిశ్చింత. అదే 13×13 పెడితే 28 నుంచి 35, బ్లాకుకి 7 నుంచి 9. మళ్లీ హద్దు మీదికొచ్చారు. విస్తీర్ణంలో చూస్తే 13×13 అంటే 16 శాతం కూడా లేదు!

కాబట్టి వినాయకుడికి 9×9 గడుల చోటు ఇవ్వండి, వెడల్పులో పావు వంతు కంటే కాస్త ఎక్కువ. బొమ్మ చుట్టూ గడుల్ని సగానికి కోయకుండా గడి అంచు దగ్గరే ఆపండి. ఇంకో సంగతి, 7 నుంచి 13 వెర్షన్లలో నడిమధ్యన కూడా ఒక 5×5 వాలు చదరం పడుతుంది, బొమ్మ పెడితే అది పోతుంది. చాలా ఫోన్లు కింది కుడివైపు దాంతోనే సరిపెట్టుకుంటాయి కానీ, 6వ వెర్షన్ లోపలే ఉంటే ఆ బాధే లేదు.

అక్షరాల_సంచి

రెండో కోడ్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి అది నేను అందుకుంటాను. మొదటి కోడ్‌లో ఫోన్ ‘ఇది కోడ్’ అని గుర్తుపట్టడం దగ్గరే తప్పింది. రెండోదాంట్లో కోడ్ అని గుర్తుపట్టింది, బిట్లన్నీ సరిగ్గానే చదివింది, అయినా అర్థం తప్పింది.

గడులు చదివాక వచ్చేది బిట్ల వరస. మొదటి 4 బిట్లు మోడ్ చెప్తాయి: 0001 అంటే అంకెలు, 0010 అంటే ఇంగ్లిష్ పెద్దక్షరాలు-అంకెలు, 0100 అంటే బైట్లు. తెలుగు బైట్లలోనే పోతుంది. ఆ బైట్లు ఏ లిపివో చెప్పే ఏర్పాటు స్టాండర్డ్‌లో ఉంది. యూటీఎఫ్-8కి (అన్ని భాషల అక్షరాలనీ బైట్లుగా రాసే పద్ధతి) 26 అనే సంఖ్యని ముందు పెట్టాలి. చాలా జెనరేటర్లు పెట్టవు. పెట్టనప్పుడు కొత్త ఫోన్లు బైట్లని చూసి యూటీఎఫ్-8 అని ఊహిస్తాయి. పాతవి పడమటి యూరప్ అక్షరాల పట్టిక ప్రకారం చదువుతాయి.

యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతం 3 బైట్లు. మొదటి బైట్ ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింటిలో ఒకటి. అందుకే మీకొచ్చిన పిచ్చి గుర్తుల్లో నెత్తిన చిన్న గీత ఉన్న ఇంగ్లిష్ ‘a’ అక్షరం పదేపదే కనిపించి ఉంటుంది, దాని పక్కనే డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో. హల్లులు, తలకట్టు దీర్ఘం, గుడి దాకా డిగ్రీ వస్తుంది. గుడిదీర్ఘం, కొమ్ము, ఎత్వం, పొల్లు వచ్చినచోట ప్లస్-మైనస్ వస్తుంది. ఇలాంటి వరస కనిపిస్తే కోడ్ పాడవలేదని, చదివేవాడు వేరే పట్టిక పట్టుకున్నాడని తెలుసుకోవచ్చు. ప్రింటరుని తిట్టక్కర్లేదు.

తెలుగు ఎంత చోటు తింటుందో కూడా చూడండి. ‘శ్రీ’ కంటికి ఒక్క అక్షరం. లోపల శ, పొల్లు, ర, గుడిదీర్ఘం: నాలుగు సంకేతాలు, 12 బైట్లు. అదే లింకులో పెడితే ఒక్కో బైట్ శాతం గుర్తుతో మూడేసి అక్షరాలుగా మారుతుంది, ‘శ్రీ’ ఒక్కటే 36 అక్షరాలు. ‘లక్ష్మీ’ అయితే 63. పైన చెప్పిన 34 బైట్ల కోడ్‌లో లింకు రూపంలో ‘శ్రీ’ కూడా పట్టదన్నమాట. చిరునామా తెలుగులో చూపించాలనుంటే ఒక చిన్న వెబ్‌పేజీలో రాసి, కోడ్‌లో పొట్టి లింకు మాత్రం పెట్టండి. లేదంటే కార్డు మీద అచ్చేస్తే సరి, చదవడానికి ఫోన్ ఎందుకు?

ఇక లిపి సరిపోయిందే అనుకుందాం. ఆ అక్షరాలు ఏం చేయాలో కోడ్ చెప్పదు, చదివే యాప్ నిర్ణయిస్తుంది. ముందు హెచ్‌టీటీపీఎస్ ఉంటే కెమెరా దాన్ని లింకు అంటుంది. అది తీసేసి ఉత్త సైటు పేరు పెడితే కొన్ని ఫోన్లు టెక్స్ట్ అనుకుని ఊరుకుంటాయి. కిరాణా కొట్లో ఉండే యూపీఐ కోడ్ కూడా ఇలాంటి అక్షరాల వరసే: యూపీఐ, పే అనే మొదలు, తర్వాత పీఏ అనే చోట కొట్టువాడి యూపీఐ ఐడీ, పీఎన్ అనే చోట పేరు, ఏఎం అనే చోట మొత్తం. కొట్లో అతికించే స్టిక్కర్లో సాధారణంగా మొత్తం ఉండదు, అందుకే మనం కొట్టుకోవాల్సి వస్తుంది. మీ మండపం కోడ్‌ని డబ్బులు పంపే యాప్‌తో స్కాన్ చేస్తే అది పేమెంట్ కోడ్ కాదని తిప్పికొట్టొచ్చు. చుక్కలు అవే, చూసేవాడు మారాడు.

అందుకని కోడ్ కింద ‘మండపానికి దారి’ అని తప్పకుండా రాయండి. ఈ రోజుల్లో పెళ్లికార్డు మీద పేరు లేని క్యూఆర్ కనిపిస్తే చదివింపుల కోసమే అనుకునేవాళ్లు ఎక్కువ.

లింకు పొట్టి చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఒకటి, అక్షరాలన్నీ ఇంగ్లిష్ పెద్దవి చేస్తే రెండేసి అక్షరాలు 11 బిట్లలో పడతాయి, కోడ్ చిన్నదవుతుంది. కానీ సైటు పేరు వరకే పెద్ద-చిన్న తేడా ఉండదు, స్లాష్ తర్వాతి భాగంలో ఉంటుంది. పొట్టి లింకుని మొత్తం పెద్దక్షరాలు చేశారంటే వేరే చోటికి పోతుంది, లేదా ఎక్కడికీ పోదు. రెండు, ‘తర్వాత కూడా మార్చుకోవచ్చు’ అని ఊరించే డైనమిక్ కోడ్‌లు. వాటిలో ఉండేది ఆ కంపెనీ లింకు, అది మీ మ్యాప్‌కి మళ్లిస్తుంది. ట్రయల్ గడువు అయిపోతే మళ్లించడం ఆపేసేవి ఉన్నాయి. కార్డులు పంచేశాక చేయగలిగిందేం ఉండదు. ముహూర్తం తేదీ దాటేదాకా బతికుంటుందని ఖాయంగా తెలిస్తేనే వాడండి.

పాత_కాపీ

ఇంత తంటాలు దేనికి? నలుపు గడులతో మామూలు కోడ్ ఒక మూల పెట్టి, కార్డు చుట్టూ ఎంత ముగ్గు కావాలంటే అంత వేసుకోవచ్చు. కోడ్ ముగ్గులా ఉంటే పెద్దవాళ్లు అది కోడ్ అనే గుర్తుపట్టరు, స్కానే చేయరు. ఫోన్ గుర్తుపట్టి మనిషి గుర్తుపట్టకపోయినా నష్టమే కదా.

గడి_లెక్క

ఈ మాటతో ఏకీభవిస్తాను, సగం వరకు. మూడు మూల చదరాలు చదరాలుగానే ఉంటే మనుషులు కూడా వాటిని చూసే క్యూఆర్ అని పోల్చుకుంటారు. అవి వదిలేసి మిగతావి చుక్కలు చేస్తే ఇద్దరికీ సరిపోతుంది.

శుభలేఖ_డీటీపీ

అందరికీ థాంక్స్ అండీ. ఇప్పుడు ఇలా పెడుతున్నాను: లింకు 31 అక్షరాలకి దించాను, 4వ వెర్షన్, హెచ్. మూల చదరాలు చదరాలే, మూలలు కొద్దిగా గుండ్రం. మిగతావి 75 శాతం చుక్కలు. వినాయకుడు 9×9. క్రీమ్ ప్యాచ్ మీద ముదురు గోధుమ, గడికి 0.7 మిల్లీమీటర్లు. కోడ్ 23.1 మిల్లీమీటర్లు, ఖాళీతో కలిపి 28.7. ఫాయిల్ చట్రం ఆ 28.7 బయట. తెలుగు టెక్స్ట్ కోడ్ తీసేసి చిరునామా అచ్చేస్తున్నాను. ప్లేటు చేయించేముందు ఏం చూడాలి?

ఆఫ్‌సెట్_అన్న

కొలతలు బాగున్నాయి. ప్రూఫ్ అసలు కార్డు మీదే, అసలు సైజులోనే తియ్యి. మామూలు తెల్ల కాగితం మీద ప్రూఫ్ చదివినంత మాత్రాన మురిసిపోకు. చదవాల్సిన ఫోన్లు కనీసం మూడు, అందులో ఒకటి పాతది, స్క్రీన్ గీతలు పడ్డది కాదు, కెమెరా గీతలు పడ్డది. ఒక్కో ఫోన్‌తో మామూలు కెమెరా ఒకసారి, విడిగా స్కానర్ యాప్ ఒకసారి. ట్యూబ్‌లైట్ కింద, ఎండలో, సాయంత్రం గది వెలుగులో. 15 సెంటీమీటర్ల నుంచి 40 దాకా. కార్డుని 45 డిగ్రీలు వంచి ఒకసారి, తలకిందులుగా ఒకసారి. రెండు సెకన్ల లోపు పట్టకపోతే దాన్ని పట్టనట్టే లెక్కేసుకో, చుట్టాలు అంతకంటే ఓపిక పట్టరు. పట్టకపోతే ముందు వినాయకుడిని తీసి చూడు, తర్వాత చుక్కల్ని గడులుగా మార్చి చూడు. ఏది తీస్తే చదివిందో తప్పు అక్కడుంది.

అక్షరాల_సంచి

ఒకటి కలుపుతాను. చాలా పిలుపులు ఇప్పుడు కార్డు ఫొటోగా వాట్సాప్‌లోనే పోతున్నాయి. ఫోన్‌లోకి వచ్చిన కోడ్‌ని అదే ఫోన్ కెమెరా స్కాన్ చేయలేదు. ఫొటోని గ్యాలరీలో తెరిచి గూగుల్ లెన్స్ లాంటి దాంతో చదివించాలి, అది అందరికీ తెలీదు. పైగా ఫార్వర్డ్ అయిన కొద్దీ ఫొటో కుంచించుకుపోతుంది. కార్డు మొత్తం 1,200 పిక్సెళ్ల ఎత్తు ఉండి, అందులో మీ 33 గడుల కోడ్ 100 పిక్సెళ్లే అయితే గడికి మూడు పిక్సెళ్లు, జేపీజీ మసకలో అది గాల్లో దీపం. పార్టీవాళ్లకి ఇచ్చే ఫొటో ఫైలులో కోడ్‌ని కార్డు మీద కంటే రెట్టింపు సైజులో పెట్టండి, కింద మెసేజ్‌లో అదే 31 అక్షరాల లింకుని నొక్కేలా పెట్టమనండి.